చేతిలోది వదలడం నేర్చుకుందాం

వచ్చే నెల సర్వసభ్య సమావేశం ఉన్నది కదా, దానికి ముందే ఒక మాట మీ ముందు పెట్టాలని ఇది రాస్తున్నాము. కొంచెం పొడుగుగానే ఉంటుంది. మా రాతలు చదివే అలవాటున్నవాళ్ళకు అది కొత్త కాదు. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, తెలుగు అక్షరాలు మన సంఘం ఆదివారం తరగతిలో ముప్పై దాటినాక నేర్చుకున్నాము. తప్పులుంటే సర్దుకొని చదవండి.

ఈసారి రాసేది ఒక ఇంగ్లండు ఆటగాడి సంగతి. పేరు ఫిల్ టేలర్. ఆట డార్ట్స్, అంటే గోడకు తగిలించిన గుండ్రటి బోర్డు మీదికి చిన్న బాణాలు విసిరే ఆట. మన సంఘానికీ దీనికీ ఏమి సంబంధం అని అడగొచ్చు. కడదాకా చదివి అప్పుడు అడగండి.

జోలార్‌పేటలో ఉద్యోగం చేసినప్పుడు మా రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఒక పాత డార్ట్ బోర్డు ఉండేది. ఆంగ్లో-ఇండియన్ డ్రైవర్లు, గార్డులు ఉన్న కాలం నాటిది. మేము చూసేటప్పటికి దాని మీద బాణాల కన్నా బొక్కలే ఎక్కువ. క్యారమ్ బోర్డు ఖాళీ లేనప్పుడు నాలుగు విసిరేవాళ్ళం. అది ఒక ఆటనా అనుకున్నాము. పోయిన సెలవుల్లో మా కూతురి కొడుకు ఫోనులో ఒక పిల్లవాడి ఆట చూపించినాడు. ల్యూక్ లిట్లర్ అట, 2025 జనవరిలో 17 ఏళ్ళకే ప్రపంచ చాంపియన్ అయినాడు, 5 లక్షల పౌండ్ల బహుమతి. "తాతా, ఈ ఆటలో ఇంత దుడ్డు ఎట్ల వచ్చింది?" అని మనవడు అడిగినాడు. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే ఫిల్ టేలర్ దొరికినారు.

ముందు ఆట సంగతి రెండు మాటలు. ఆడేవాడు బోర్డుకు 7 అడుగుల 9 అంగుళాల పైచిల్లర దూరంలో నిలబడాలి. ఒక వంతుకు మూడు బాణాలు. లెక్క 501తో మొదలై తగ్గుతూ వచ్చి సరిగ్గా సున్న కావాలి. ఆఖరి బాణం డబుల్ గడిలోనో, నట్టనడుమ ఉన్న కంటిలోనో పడాలి. ఎక్కువ మార్కులు వచ్చేది 20 అంకెలోని మూడింతల గడి, అంటే 60. ఆ గడి వెడల్పు 8 మిల్లీమీటర్లు, మన చిటికెన వేలి గోరంత. దానికి అటు పక్క 5, ఇటు పక్క 1. ఇరవైకి గురిపెట్టి ఒక గింజంత తప్పితే ఒకటో అయిదో. బోర్డు మీద అంకెలు పేర్చిన తీరే అట్లాంటిది, ఎక్కువకు ఆశపడినవాడికి పక్కనే శిక్ష. ఎంత బాగా ఆడినా 501 ముగించడానికి తొమ్మిది బాణాలు కావాలి. ఫిల్ టేలర్ 2010 ప్రీమియర్ లీగ్ ఫైనల్లో జేమ్స్ వేడ్ మీద ఒకే మ్యాచ్‌లో రెండు సార్లు అట్ల తొమ్మిదితో ముగించినారు. అంతకు ముందు ఎవరూ చేయలేదు. జీవితమంతా కూడికలు తీసివేతలతో గడిపిన గుమాస్తాలం, ఆ లెక్క నోటితో వేసుకుంటూ చేతితో విసరడం ఎంత కష్టమో మాకు తెలుస్తుంది.

ఇక మనిషి సంగతి. ఫిల్ టేలర్ 1960 ఆగస్టు 13న స్టోక్-ఆన్-ట్రెంట్‌లో పుట్టినారు. అది పింగాణీ సామాన్ల ఊరు. బడి చిన్నప్పుడే విడిచినారు. మరుగుదొడ్లకు వాడే పింగాణీ పిడులు తయారుచేసే పని, వారానికి 52 పౌండ్ల కూలి. 1986లో పుట్టినరోజుకు భార్య ఒక డార్టుల సెట్టు కొనిచ్చిందట. అప్పటికి ఆయన వయసు 26. మన ఇండ్లలో 26 ఏళ్ళ మగవాడు కొత్త ఆట మొదలుపెడితే ఏమంటాము? "ఈ వయసులో నీకు ఆటలా, పిల్లల సంగతి చూడు" అంటాము. అనలేదా మనం?

ఆ ఊళ్ళోనే, బర్స్‌లెం అనే పేటలో, ఎరిక్ బ్రిస్టో అనే ఆయన పబ్బు నడిపేవారు. బ్రిస్టో అంటే అప్పటికే 1980 నుంచి 1986 లోపల అయిదు సార్లు ప్రపంచ చాంపియన్. ఆయనకు ఒక విచిత్రమైన జబ్బు పట్టుకున్నది. ఆటవాళ్ళు దాన్ని డార్టైటిస్ అంటారు. చెయ్యి బాగానే ఉంటుంది, కన్ను బాగానే ఉంటుంది, కానీ విసరబోతే వేళ్ళు బాణాన్ని వదలవు. చేయి ముందుకు పోతుంది, బాణం చేతిలోనే ఉంటుంది. ప్రపంచంలోనే అందరికన్నా బాగా విసిరిన మనిషికి ఆ గతి.

అట్లాంటి మనిషి తన పబ్బులో ఆడుతున్న ఈ పింగాణీ కూలివాణ్ణి చూసి, వీడిలో ఏదో ఉన్నదని గుర్తుపట్టి, పదివేల పౌండ్ల దాకా అప్పు ఇచ్చినారు. ఆ కూలి లెక్కన అది మూడేండ్ల పైచిలుకు సంపాదన. దానం కాదు, అప్పు. షరతు ఏమంటే పని మానేసి రోజంతా సాధన చేయాలి, గెలిచి తిరిగి కట్టాలి. బ్రిస్టో మెత్తటి గురువు కారు. ఓడిపోయి ఫోను చేస్తే మాట్లాడేవారు కాదట. రెండో స్థానం వచ్చిందని సంతోషంగా చెప్పినా, గెలిచినప్పుడు చెయ్యి అని పెట్టేసేవారట. శాలువాలు లేవు, పూలమాలలు లేవు, వాట్సాప్ అభినందనలు లేవు.

1990 ప్రపంచ పోటీకి టేలర్ మీద ఎవరికీ నమ్మకం లేదు. పందేలు కాసేవాళ్ళు 1 పౌండుకు 125 ఇస్తామన్నారు. ఆయన ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఫైనల్‌కు వచ్చినారు. ఫైనల్లో ఎదురుగా నిలబడింది ఎవరు? ఎరిక్ బ్రిస్టో. అప్పు ఇచ్చిన మనిషి, తీసుకున్న మనిషి ఒకే గీత దగ్గర నిలబడి ఆడినారు. 6-1తో అప్పు తీసుకున్నవారు గెలిచినారు. బ్రిస్టో ఆ తరువాత మళ్ళీ ప్రపంచ కప్పు గెలవలేదు. టేలర్ మొత్తం 16 సార్లు గెలిచినారు. అందులో 1995 నుంచి 2002 దాకా వరసగా ఎనిమిది.

మేము రాత్రి పడుకోకుండా ఆలోచించింది ఈ ఫైనల్ గురించే. మనలో ఎంతమందిమి, రేపు మనల్నే ఓడిస్తాడని తెలిసినవాడికి మన దుడ్డు ఇస్తాము?

ఆయన దారి అంతా పూలబాట కాదు. 1992 ఫైనల్లో మైక్ గ్రెగరీకి గెలిచే బాణాలు ఆరు వచ్చినాయి, ఆరూ తప్పినాయి, ఆఖరి లెగ్గులో టేలర్ గెలిచినారు. అదృష్టం కూడా ఉండాలి, లేదని ఎవరూ చెప్పరు. 1993లో పెద్ద గొడవ. టీవీలో డార్ట్స్ తగ్గిపోయింది, స్పాన్సర్లు పోయినారు, పాత సంఘం పెద్దలు కదలరు. పేరున్న 16 మంది ఆటగాళ్ళు వేరే సంఘం పెట్టుకున్నారు. టేలర్, బ్రిస్టో ఇద్దరూ అందులో ఉన్నారు. పాత సంఘం వాళ్ళను వెలివేసింది, కోర్టుల దాకా పోయి 1997లో రాజీ కుదిరింది. కొత్త సంఘం 1994లో పెట్టిన మొదటి ప్రపంచ పోటీ ఫైనల్లో టేలర్ 6-1తో డెన్నిస్ ప్రీస్ట్లీ చేతిలో ఓడినారు. తరువాత ఎనిమిదేండ్లు ఆయన్ను కదిపినవాళ్ళు లేరు. 2025లో లిట్లర్‌కు 5 లక్షల పౌండ్లు ఇచ్చింది ఆ కొత్త సంఘమే. వెలివేసిన పాత సంఘం 2020లో దివాలా తీసి మూతపడింది. సంఘాలు నడిపేవాళ్ళం మనం, ఈ సంగతి ఒకటికి రెండు సార్లు చదువుకోవాలి. ఆడేవాళ్ళు ఉంటేనే సంఘం. లెటర్‌హెడ్డు, రబ్బరు స్టాంపు ఉంటే చాలదు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాము. ఇది చెప్పడానికి మాకు సిగ్గుగానే ఉన్నది.

పన్నెండేండ్ల క్రితం, మన సంఘంలోనే, ఒక అబ్బాయి ఉండేవాడు. పేరు చెప్పము, పాతవాళ్ళకు తెలుసు. మోటారు వైండింగ్ షాపులో పని. క్యారమ్ అద్భుతంగా ఆడేవాడు, జిల్లా పోటీల్లో గెలిచినాడు. వేరే రాష్ట్రంలో పోటీకి పోవడానికి, ఆ నెల పని పోతుంది కాబట్టి ఇంటి ఖర్చుకు, మొత్తం 20 వేలు అప్పుగా అడిగినాడు. ఊరికే ఇవ్వమని కాదు, అప్పుగానే. అర్జీ రాసి తెచ్చినాడు, తెలుగులో, మా దగ్గరే నేర్చుకున్న అక్షరాలతో. కార్యవర్గంలో చర్చ అయిదు నిమిషాలు కూడా జరగలేదు. "మన బైలాలో విద్యకు మాత్రమే అని ఉంది. క్యారమ్‌కు ఇస్తే రేపు పేకాటకు అడుగుతారు" అని ఒకరన్నారు, అందరూ నవ్వినారు. మేమూ నవ్వినాము. అప్పుడు ఉపకార్యదర్శి మేమే. "పరిశీలించి, నిబంధనలు అనుమతించనందున తిరస్కరించడమైనది" అని మినిట్స్ పుస్తకంలో రాసింది ఈ చెయ్యే. రైల్వేలో అట్లాంటి వాక్యాలు వేలు రాసినాము, చెయ్యి తడబడలేదు.

అదే సంవత్సరం సంఘం వార్షికోత్సవానికి శాలువాలు, మెమెంటోలు, భోజనాలకు ఎంత అయిందో పాత లెక్క తీసి చూసినాము. ఆ అబ్బాయి అడిగిన దానికి నాలుగింతలు. ఆ లెక్క కూడా మేము రాసిందే.

అబ్బాయి పోటీకి పోలేదు. కొన్నాళ్ళకు ఆట కూడా తగ్గించినాడు. ఇప్పుడు బండి మీద పార్సిళ్ళు చేరవేస్తున్నాడు, ఇద్దరు పిల్లలు. మొన్న ఒక పెండ్లిలో కనపడినాడు. "మామా, మోకాళ్ళు ఎట్ల ఉన్నాయి?" అని అడిగి, కుర్చీ తెచ్చి వేసినాడు. పాత సంగతి ఒక్క మాట ఎత్తలేదు. సాయంత్రాలు వీధి పిల్లలకు క్యారమ్ నేర్పిస్తున్నానని మాత్రం చెప్పినాడు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

ఇచ్చి ఉంటే చాంపియన్ అయ్యేవాడా? చెప్పలేము. గ్రెగరీ ఆరు బాణాలు తప్పినట్లు తప్పి ఉండొచ్చు. కానీ ఆ గీత దగ్గర నిలబడే అవకాశమే లేకుండా చేసింది మనం.

క్యారమ్ పనికిరాని ఆట అన్నవాళ్ళకు ఒక్క మాట. మన చెన్నైలో ఆటో డ్రైవర్ కూతురు కాజిమా 2024లో అమెరికాలో జరిగిన క్యారమ్ ప్రపంచ కప్పులో మూడు బంగారు పతకాలు గెలిచింది. అప్పుడు అందరం వాట్సాప్‌లో చప్పట్లు కొట్టినాము. గెలిచినాక చప్పట్లు కొట్టడం సులువు. గెలవక ముందు 20 వేలు ఇవ్వడం కష్టం.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్నలు మాకు తెలుసు. ఒక్కొక్కటిగా చెప్తాము.

"డార్ట్స్ తాగుబోతుల ఆట, పబ్బుల్లో ఆడేది. అట్లాంటి మనిషి ఉదాహరణ ఎందుకు?" నిజమే, పుట్టింది పబ్బుల్లోనే. ఇంకా చెప్పాలంటే ఫిల్ టేలర్ మచ్చ లేని మనిషి కూడా కారు. ఇద్దరు ఆడవాళ్ళ పట్ల అసభ్యంగా ప్రవర్తించిన నేరం 2001లో కోర్టులో రుజువై జరిమానా పడింది. ఆయనకు ఇస్తామన్న ఎంబీఈ బిరుదు కూడా వెనక్కి తీసుకున్నారు. అది సరైన పనే. ఆయన పటం ఆఫీసులో తగిలించమని మేము అడగడం లేదు. సన్మానం వేరు, సాయం వేరు. సన్మానానికి మనిషి మొత్తాన్ని చూడాలి. సాయానికి చేతిలో ఉన్న పనితనం, దాని మీద అతను పెట్టే శ్రమ చూడాలి. మనం సన్మానాలు మాత్రమే నేర్చుకున్నాము, సాయం మరచిపోయినాము.

"పిల్లల చదువు ముఖ్యం కదా?" ముఖ్యమే. దాన్ని ఆపమని ఎవరు చెప్పినారు? కానీ మన ఉపకార వేతనాల జాబితా చూడండి. పదో తరగతిలో, ప్లస్ టూలో మంచి మార్కులు వచ్చినవాళ్ళు. వాళ్ళకు బ్యాంకు అప్పు దొరుకుతుంది, ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. మన సంఘంలో మార్కులు తక్కువ వచ్చి పనిలోకి పోయినవాళ్ళే ఎక్కువమంది. వాళ్ళు మన లెక్కలో ఎప్పుడొస్తారు? చందా వసూలుకు పోయినప్పుడు వస్తారు. 26 ఏళ్ళకు ఆట మొదలుపెట్టిన పింగాణీ కూలివాడు మన సంఘంలో పుట్టి ఉంటే ఏ కాలమ్‌లో రాసేవాళ్ళం? మా ముప్పై ఆరేళ్ళ గుమాస్తా అనుభవంతో చెప్తున్నాము, ఏ కాలమ్‌లోనూ పట్టడు.

"అప్పు తిరిగి రాకపోతే?" కొన్ని రావు. బ్రిస్టోకు మాత్రం హామీ ఎవరిచ్చినారు? మన మూలనిధి ముట్టుకోవద్దు. వడ్డీలో నాలుగో వంతు మాత్రం దీనికి పెడదాం. పోతే ఒక ఏడాది భోజనాల్లో ఒక కూర తగ్గుతుంది.

ఇది ఒక్కసారి చేసి ఆపేది కూడా కాదు. అప్పు తీసుకున్నవాడు రేపు ఇంకొకరిని పైకి తెస్తాడు. టేలర్ తన ఊరివాడే అయిన ఏడ్రియన్ లూయిస్ అనే కుర్రవాణ్ణి పక్కన పెట్టుకొని సాధన చేయించినారు. లూయిస్ 2011లో, 2012లో ప్రపంచ చాంపియన్ అయినారు. ఒక పబ్బు యజమాని ఇచ్చిన అప్పుతో ఒకే ఊరికి రెండు తరాల చాంపియన్లు. లిట్లర్ అయితే చిన్నప్పుడే సెయింట్ హెలెన్స్‌లోని డార్ట్స్ అకాడమీలో నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ ఆటకు బళ్ళే ఉన్నాయి. మొదట ఎవరో ఒకరు నమ్మి చెయ్యి విప్పాలి, బళ్ళు తరువాత వస్తాయి.

ఆఖరి మాట ఒకటి, మా వయసువాళ్ళకు. ఆ కొత్త సంఘం ప్రపంచ పోటీల్లో టేలర్ చివరి ఆట 2018 జనవరి 1న జరిగిన ఫైనల్. వయసు 57. ఎదురుగా రాబ్ క్రాస్, ఎలక్ట్రీషియన్ పని చేసి వచ్చినవాడు, మొదటిసారి ప్రపంచ పోటీకి వచ్చినవాడు, టేలర్ మొదటి కప్పు గెలిచిన 1990లో పుట్టినవాడు. 7-2తో క్రాస్ గెలిచినాడు. ముందే చెప్పినట్లు టేలర్ ఆ రోజుతో ఆ సంఘం పోటీల నుంచి తప్పుకున్నారు. బ్రిస్టో అదే సంవత్సరం ఏప్రిల్‌లో, లివర్‌పూల్‌లో డార్ట్స్ పోటీ జరుగుతున్న చోటే, గుండెపోటుతో పోయినారు. 60 ఏళ్ళు.

బ్రిస్టో వేళ్ళు బాణాన్ని వదలలేదు గానీ దుడ్డు వదిలినాయి, పేరు వదిలినాయి. మన వేళ్ళు చూసుకుందాం. పద్దెనిమిదేళ్ళుగా అదే అధ్యక్షులు, అదే కార్యదర్శి, అదే మేము. మినిట్స్ పుస్తకం మా బీరువాలోనే ఉన్నది. ఇది కూడా డార్టైటిస్ లాంటి జబ్బే. చెయ్యి ముందుకు పోతుంది, "యువత ముందుకు రావాలి" అని మైకులో చెప్తాము. వేళ్ళు మాత్రం విడవవు.

కాబట్టి సర్వసభ్య సమావేశంలో మేము పెట్టబోయే తీర్మానం ఇది. వడ్డీలో నాలుగో వంతు చేతి పని, ఆట, వాయిద్యం, పనిముట్ల కోసం వడ్డీ లేని అప్పుగా ఇవ్వాలి. 18 నుంచి 35 ఏళ్ళ వాళ్ళు ఎవరైనా అడగొచ్చు, మార్కుల జాబితా అడగకూడదు. మూడు నెలలకొకసారి వచ్చి ఏమి చేసినాడో చెప్పాలి, సంపాదన మొదలైనాక తిరిగి కట్టాలి. ఇచ్చే రోజు శాలువా లేదు, ఫోటో లేదు. ఎవరికి ఇవ్వాలో చూసే కమిటీలో సగం మంది 40 ఏళ్ళ లోపు వాళ్ళు ఉండాలి. అందులో మొదటి పేరు ఆ క్యారమ్ అబ్బాయిది ఉండాలని మా కోరిక. అతను ఒప్పుకుంటే, మన అదృష్టం.

మా పింఛనులో నుంచి మొదటి 20 వేలు మేము కడతాము. ఆ మొత్తం ఎందుకో మీకు చెప్పనక్కరలేదు. ఉపకార్యదర్శి పదవికి ఈసారి మేము నిలబడము. మినిట్స్ పుస్తకం ఆ రోజు సంచిలో తెస్తాము, ఎవరికి అప్పగించాలో మీరే చెప్పండి.

కాదనేవాళ్ళు కాదనండి, కారణం చెప్పండి, వింటాము. నవ్వి ఊరుకోవద్దు, అంతే. ఒకసారి నవ్వినాము, చాలు.